మూతబడిన అంగడిలో ఊరందరి మగ్గం

(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, ధర్మపురి)



మా సంఘం వారి అమ్మకపు గది 2020వ సంవత్సరం మార్చి నెలలో, దేశమంతా మూతబడిన రోజున మూతబడింది. తరువాత దేశం తెరుచుకున్నది గాని మా గది తెరుచుకోలేదు. కొన్నాళ్లకు బాడుగ గడువు తీరి, తాళపు చెవి ఇంటివారికి అప్పగించినాము. వేరే బాడుగదారు ఎవరూ రాలేదు. గుమ్మం ముందు చెత్త పేరుకున్నది. పైనున్న సంఘం బోర్డు మాత్రం ఎవరూ దించలేదు. బజారుకు పోయినప్పుడల్లా ఆ బోర్డు చూచి తల వంచుకొని పోవడం నాకు అలవాటయింది.

గత సంవత్సరం కార్యవర్గంలో ఈ ప్రశ్న వచ్చింది. ఆ గదిని మళ్లీ తీసుకోవలెనా, లేక బజారులో మనకు అంగడి అక్కరలేదని వదలుకోవలెనా? రెండు పక్షాలకూ బలమైన మాటలున్నవి. నేను మూడవ మాట చెప్పినాను: “నిర్ణయం తరువాత చేద్దాము. ముందు పదిహేను రోజులు ఆ గది అడిగి పుచ్చుకొని, అందులో ఒక మగ్గం పెట్టి, దారిన పోయే వారందరి చేతా ఒక్క బట్ట నేయిద్దాము.”

అప్పుడు మా సభ్యులలో పెద్దాయన ఒకరు లేచి, “కార్యదర్శి గారూ, నేసి నేసి పొట్ట నిండని వాళ్లము. నేత రాని వాళ్లను పిలిచి నేయిస్తే మనకేమి మిగులుతుంది? నూలు దండుగ, పొద్దు దండుగ,” అన్నారు. ఆ మాటకు ఆనాడు నా వద్ద సరైన జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే. ఇది ఎటువంటి పని, ఎక్కడెక్కడ జరిగింది, ఎట్లా చేయవలెను, చేస్తే ఏమి వస్తుంది, ఏమి రాదు అన్న సంగతులు వరుసగా మనవి చేస్తాను.

ఇది కొత్త పని కాదు

చిత్రకారుడు బొమ్మ వేస్తాడు, మనము చూస్తాము. అది ఒక పద్ధతి. పదిమంది కలిసి ఒక వస్తువును చేయడం, అందులో ప్రతివారి చెయ్యి కనబడడం ఇంకొక పద్ధతి. ఈ రెండవదానిని ఈనాడు పట్టణాలలో సాముదాయిక కళ అని పెద్ద పేరుతో పిలుస్తున్నారు గాని, మన ఇండ్లలో దీనికి పేరు పెట్టవలసిన అవసరమే రాలేదు. సంక్రాంతి నాడు వీధి ముగ్గు ఒక్కరు వేసేది కాదు. ఒకరు చుక్కలు పెడితే ఇంకొకరు గీతలు కలుపుతారు, పిల్లలు రంగులు నింపుతారు. దసరా కొలువులో ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క కథ. ఒకటి అమ్మమ్మ ఇచ్చినది, ఒకటి పక్కింటివారు కాశీ నుండి తెచ్చినది.

నేతపనిలోనే చూడండి. పూర్వం పడుగును వీధిలో బారుగా సాచి గంజి పెట్టేటప్పుడు ఒక్క ఇంటివారి వల్ల అయ్యేదా? తెల్లవారుజామున ఇరుగుపొరుగు లేచి వచ్చి, ఎండ ముదరక ముందే, తలా ఒక కొస పట్టి సరిచేసి పోయేవారు. ఈ రోజు మీ పడుగుకు మేము, రేపు మా పడుగుకు మీరు. దానికి కూలి లేదు, లెక్క లేదు. ఆ వీధి పడుగే మనకు తెలిసిన మొదటి సాముదాయిక కళ.

ఊరి చరిత్ర చూచినా ఇంతే. మన ధర్మపురికి పూర్వం తగడూరని పేరు. దగ్గరలోని అదియమాన్‌కోట్టైలో చెన్రాయ పెరుమాళ్ కోవెల మండపం కప్పు మీద రామాయణ, భారత కథలను రంగులతో చిత్రించినారు. ఆ కథ చదువు వచ్చినవాడికీ రానివాడికీ ఒకటే. ఈ ప్రాంతమంతటా దొరికే వీరగల్లులు ధర్మపురి మ్యూజియంలో వరుసగా నిలిపి ఉన్నవి. ఆవుల మందను కాపాడుతూ చనిపోయిన వానికి కూడా ఊరివారు రాయి నిలిపినారు. నలుగురూ నడిచే చోట నలుగురికీ చెందిన వస్తువు ఉండవలెనన్న తెలివి మన పెద్దలకు ఉన్నది. ఇప్పుడు నలుగురూ నడిచే చోటు బజారు. ఆ బజారులో మూతబడిన గదులున్నవి. ఇక మిగిలినది మన పూనిక.

ఇతర చోట్ల జరిగినది

మొదట బట్టతో జరిగిన సంగతి చెబుతాను. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఎయిడ్స్ జబ్బుతో వేలమంది చనిపోయే రోజులలో, చనిపోయిన వారి పేరు చెప్పుకోవడానికి కూడా బంధువులు జంకేవారు. 1987లో క్లీవ్ జోన్స్ అనే ఆయన, ఆయన స్నేహితులు మార్కెట్ స్ట్రీట్‌లో ఒక అంగడి గది తీసుకొని, కుట్టు మిషన్లు పెట్టి తలుపులు తెరిచినారు. ఒక్కొక్క మృతునికి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల బట్ట ముక్క. ఆ కొలత సమాధి కొలత. తల్లులు, అన్నదమ్ములు, స్నేహితులు వచ్చి, చనిపోయిన వారి చొక్కాలు, పాత బట్టలు తెచ్చి, పేరు కుట్టి ఇచ్చినారు. ఎనిమిది ముక్కలు కలిపితే పన్నెండడుగుల చదరం. ఆ సంవత్సరం అక్టోబరు 11న వాషింగ్టన్ మైదానంలో పరిచేనాటికి 1,920 ముక్కలైనవి. నేడు సుమారు 50,000 ఉన్నవి. నోట చెప్పుకోలేని దుఃఖాన్ని బట్ట మోసింది. అది మొదలైనది బజారులోని ఒక అంగడి గదిలో.

రెండవది ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్. అది ఉక్కు ఊరు. 1989లో భూకంపం వచ్చింది, 1999లో పెద్ద ఉక్కు కర్మాగారం మూతబడింది. ముఖ్యమైన బజారులో 150 దాకా కట్టడాలు ఖాళీ పడినవి. 2008లో ఆ ఊరిలో పెరిగిన మార్కస్ వెస్ట్‌బరీ అనే ఆయన ‘రెన్యూ న్యూకాసిల్’ అనే సంస్థను మొదలుపెట్టినాడు. వీరు గదులు కొనలేదు, బాడుగకు తీసుకోలేదు. బాడుగదారు దొరికే వరకు ఉట్టిగా వాడుకోనీయండి, మీకు కావలసినప్పుడు నెల ముందు చెబితే ఖాళీ చేస్తామని ఇంటివారికి కాగితం రాసి ఇచ్చినారు. ఆ గదులలో చేతిపనివారు, చిత్రకారులు చేరినారు. తాళం వేసి ఉంటే పాడయ్యే గది ఊడ్చి, దీపం పెట్టి, నలుగురూ వచ్చే గది అయింది. ఆ సంస్థ 2019 దాకా నడిచింది. దాని వల్ల మనకు తెలిసేది ఇది: ఇంటివారి భయం తీరితే గది దొరుకుతుంది, భయం తీర్చేది మంచి కాగితం.

మూడవది స్కాట్లాండులోని గాలాషీల్స్. అది ఉన్ని మిల్లుల ఊరు, మిల్లులు పోయిన ఊరు. రచయిత అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ తలపు మీద, చిత్రకారుడు ఆండ్రూ క్రమ్మీ గీసిన బొమ్మలను ఆధారం చేసుకొని, ఆ దేశమంతటా వెయ్యిమందికి పైగా ఇండ్లలో కూర్చుండి తమ దేశ చరిత్రను 160 పలకలుగా కుట్టినారు. అది 2013లో పూర్తయింది. దానికి శాశ్వతమైన చోటు 2021లో గాలాషీల్స్ బజారు వీధిలో ఏర్పడింది. నేతగాళ్లము గనుక ఒక మాట. దానిని వారు నేత పేరుతో పిలుస్తారు గాని అది నేత కాదు, సూదిపని. అయితే వెయ్యి చేతుల పని ఒక్క చేతి పనిలాగ ఎట్లా కుదిరిందంటే, ఉన్ని ఒకటే, బొమ్మ గీత ఒకటే. లోపల కుట్టు ఎవరి ఇష్టం వారిది. ఈ కిటుకు మనకు పనికివస్తుంది.

మన దేశంలో కేరళలోని కొచ్చిలో 2012 డిసెంబరు 12న మొదలైన బియెన్నాలె అనే కళా ప్రదర్శన పాత మిరియాల, కొబ్బరినార వర్తకుల గిడ్డంగులలోనే జరిగింది. ఆస్పిన్‌వాల్ హౌస్ అనే పాత వర్తక భవనం దానికి ముఖ్య స్థలమయింది. హైదరాబాదులో ఖైరతాబాదు దగ్గరి ఎం.ఎస్.మక్తా బస్తీలో 2016లో ఇండ్ల గోడల మీద పెద్ద చిత్రాలు వేసినారు. చూడడానికి పొరుగు పేటలవారు రావడం మొదలయింది. ఈ రెంటిలోనూ చూడడం ఎక్కువ, చేయడం తక్కువ. మగ్గం ఉన్న మనకు చేయించడం సులభం. గోడ మీద అందరూ బొమ్మ వేయలేరు గాని, ఒక పేక వేయడం అయిదేండ్ల పిల్లకూ వస్తుంది.

గది దొరికించుకొనుట

ఇంటివారు భయపడేది ఒక్కదానికే: “లోపలికి వచ్చినవాళ్లు బయటికి పోరేమో.” ఆ భయం అకారణం కాదు. కనుక చట్టం తెలుసుకొని పోవలెను. గది మీద అనుభవ హక్కును గడువుకు బదలాయిస్తే అది బాడుగ ఒప్పందం. దాని సంగతి 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టంలో ఉన్నది. హక్కేమీ బదలాయించక, ఫలానా పని చేసుకోవడానికి అనుమతి మాత్రమే ఇస్తే అది లైసెన్సు. దాని సంగతి అదే సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టం 52వ సెక్షనులో ఉన్నది. మనకు కావలసినది రెండవది.

మేము రాసిన చీటీలో ఈ విషయాలు ఉన్నవి: ఏ తేదీ నుండి ఏ తేదీ దాకా, ఏ వేళలు, తాళపు చెవి ఎవరి వద్ద, కరెంటు ఖర్చు మాది, గోడకు మేకు కొట్టము, బాడుగదారు దొరికితే మూడు రోజులలో ఖాళీ చేస్తాము, ముగిసిన మరునాడు ఊడ్చి, సున్నం వేసి అప్పగిస్తాము. ఇరువురూ సంతకం చేసి తలా ఒక ప్రతి ఉంచుకున్నాము. సున్నం మాట చదివినప్పుడు ఇంటాయన ముఖం వికసించింది. తెలిసినవారేగదా అని నోటిమాటతో పోవద్దు. స్నేహం నిలవవలెనంటే కాగితం ఉండవలెను.

గదిలో మొదటి రోజు చేయవలసినది మగ్గం కాదు, శుభ్రం. కరెంటు తీగలు తెలిసినవారి చేత చూపించవలెను. నూలు దుమ్ముకు నిప్పు త్వరగా అంటుతుంది గనుక ఇసుక బక్కెట్టు, నీళ్ల బక్కెట్టు గుమ్మం వద్ద ఉండవలెను. బీడీ, సిగరెట్టు లోపలికి రారాదు. ఒకసారికి గదిలో పదిమందికి మించకుండా చీటీలు ఇవ్వవలెను. మంచినీళ్లు మరువరాదు.

మగ్గం, నూలు, లెక్క

బాడుగ గదిలో గుంట తవ్వలేము గనుక గుంట మగ్గం కుదరదు. విప్పి మళ్లీ బిగించగల నిలువు చట్రపు మగ్గం కావలెను. నేత సాదా నేత. రాని చేతులకు జకార్డు వద్దు, డిజైను వద్దు. డిజైను వాళ్లు తెచ్చే పాత బట్టల రంగులలోనే వస్తుంది.

పేకకు మేము పాత చీరల పీలికలు వాడినాము. ఒక్కొక్క ఇంటి నుండి ఒక్కొక్క పాత నూలు చీర అడిగినాము. లెక్క ఇది. బట్ట వెడల్పు 24 అంగుళాలు. ఒక్కొక్కరికి ఒక అంగుళం, అనగా అంగుళం వెడల్పు పీలికతో ఎనిమిది పేకలు. ఒకరికి అయిదు నిమిషాలు. సాయంత్రం నాలుగు నుండి తొమ్మిది దాకా అయిదు గంటలలో 60 మంది, అనగా 60 అంగుళాలు. పదిహేను రోజులకు 900 అంగుళాలు, అనగా 25 గజాల బట్ట. వృథాతో 30 గజాల పడుగు వేయవలెను.

పడుగు అంగుళానికి 12 పోగులు. 24 అంగుళాలకు 288 పోగులు. 30 గజాలతో గుణిస్తే 8,640 గజాల నూలు. చిలపకు 840 గజాలు గనుక పది చిలపల పైచిలుకు. రెండు పేటల 10వ నంబరు నూలయితే పౌనుకు అయిదు చిలపలు. రెండు పౌన్ల పైచిలుకు, కిలోకు కొంచెం తక్కువ. పేకకు 7,200 పేకలు, ఒక్కొక్కటి రెండడుగులు, మొత్తం 4,800 గజాల పీలిక. ఆరు గజాల పొడవు, 45 అంగుళాల పన్నా గల చీర నుండి 270 గజాల పీలిక వస్తుంది. కనుక పద్దెనిమిది చీరలు. అతుకులకు, తరుగుకు కలిపి ఇరవై రెండు చాలును.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పవలెను. ఖర్చు తగ్గుతుందని మొదట సంఘంలో మిగిలిన సన్న నూలుతో, ఒంటి పేటతో, పడుగు వేయించినాను. మొదటి సాయంత్రమే పిల్లలు పలకను గట్టిగా లాగి కొట్టడంతో పోగులు పటపట తెగినవి. అతకడంతోనే రెండు రోజులు పోయినవి. చివరకు ఆ పడుగు కోసివేసి, రెండు పేటల 10వ నంబరుతో కొత్తది వేసినాము. లెక్క నాది, తప్పు నాది. మీరు చేయవద్దు.

ఇంకొక తప్పు. మగ్గాన్ని గది లోపలి గోడ వద్ద పెట్టినాము. జనం గుమ్మం వద్ద నిలబడి చూచి పోయినారు, లోపలికి రాలేదు. మూడవ రోజు మగ్గాన్ని గుమ్మం దగ్గరకు జరిపి, కూర్చునే పలకను వీధి వైపు తిప్పినాము. అప్పుడు వచ్చినారు. తమిళంలోను, తెలుగులోను ఒక పలక రాసి పెట్టినాము: “రండి, ఒక అంగుళం నేసి పొండి.” అంతకు మించిన ప్రకటన ఏమీ చేయలేదు.

ఎవరి కష్టం, ఎవరి కూలి

ఈ విషయంలో నేను గట్టిగా చెప్పదలచినది ఒకటి ఉన్నది. వచ్చినవారు ఉట్టిగా నేయవచ్చును. నేర్పే నేతగాడు మాత్రం ఉట్టిగా కూర్చోరాదు. మగ్గం పక్కన రోజూ ఒక నేతగాణ్ణి, పీలికలు కోసి, కుట్టి, ఉండలు చుట్టడానికి ఒక సోదరిని ఉంచినాము. ఇద్దరికీ రోజు కూలి ఇచ్చినాము. ఖర్చులో నాలుగింట మూడు వంతులు ఇందుకే పోయింది. పోవలసినదే. “కళ గదా, సేవగా చేయండి” అని ఎవరైనా అంటే, కరెంటువారికి, వడ్రంగికి సేవ చెప్పరు గదా, మాకెందుకు చెబుతారని అడగండి.

సోదరి కూర్చున్న చోటు కూడా ఆలోచించి పెట్టినాము. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణనలో 26.73 లక్షల మంది నేతగాళ్లు, 8.48 లక్షల మంది అనుబంధ పనివారు తేలినారు. వీరిలో అధిక సంఖ్యాకులు స్త్రీలే. అయినా నేతగాడంటే అందరికీ మగ్గం మీది మగవాడే కళ్ల ముందు మెదులుతాడు. రాట్నం ముందు, కండెల ముందు కూర్చున్న ఆమె ఇంటి వెనుక గదిలో ఉంటుంది. మా అంగడిలో ఆమెను గుమ్మం పక్కనే కూర్చోబెట్టినాము. దారిన పోయే ఆడవారు ఆమెతో మాట కలపడానికే లోపలికి వచ్చినారు. మగ్గం కన్నా ముందు ఆమె వద్దనే గుంపు చేరింది.

జరిగినది

జూలై 24 నుండి, జాతీయ చేనేత దినమైన ఆగస్టు 7 దాకా నడిపినాము. 1905లో అదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమం ప్రకటింపబడినందున, 2015 నుండి ప్రభుత్వం ఆ రోజును చేనేత దినంగా పాటిస్తున్నది. ఆడి పద్దెనిమిది నాడు ఊరంతా హొగేనక్కల్ పోయినందున ఆ రోజు మగ్గం ఖాళీ. సంత రోజులలో చీటీలు చాలలేదు. బడి పిల్లలు, పట్టుగూళ్ల మార్కెట్టుకు వచ్చిన రైతులు, బస్సు కోసం నిలబడినవారు, ఒక పోలీసు జవాను నేసి పోయినారు. ఒక రైతు, “గూళ్లు అమ్మేది ఇన్నేండ్లుగా ఈ ఊళ్లోనే, దారం బట్ట కావడం మాత్రం ఈరోజే చూచినాను,” అన్నాడు. ఆ మాట మా కార్యవర్గంలో అందరూ ఆలోచించవలసినది.

ముగిసేసరికి బట్ట 19 గజాలయింది. అంటే 684 అంగుళాలు. రిజిస్టరులో 671 పేర్లు ఉన్నవి. తేడా ఎందుకంటే కొందరు పేరు చెప్పకుండా నేసి వెళ్లినారు. పేరు చెప్పడం, చెప్పకపోవడం వారి ఇష్టమని ముందే నిర్ణయించుకున్నాము. ఎవరి ఇంటి చీర ఏ గజంలో పడిందో పక్క కాలంలో రాసినాము. ఒకామె మూడు రోజుల తరువాత వచ్చి, చుట్టిన బట్టను విప్పించి, తన తల్లి చీర ముక్క ఎక్కడున్నదో వెదకి, వేలితో తడిమి చూచి, ఏమీ మాట్లాడకుండా వెళ్లింది.

“నూలు దండుగ” అన్న పెద్దాయన తొమ్మిదవ రోజు వచ్చినారు. నేయడానికి కాదు, చూచి పోవడానికి. అప్పుడే ఒక పిల్లవాడు నాలుగు పోగులు తెంచినాడు. నేర్పే అతను నీళ్లకు పోయినాడు. పెద్దాయన కాసేపు ఓర్చుకొని, ఓర్వలేక, చొక్కా చేతులు మడిచి కూర్చుండి పోగులు అతికినారు. అతికి లేవలేదు. ఆ పిల్లవాడి చెయ్యి పట్టి పీలిక ఎంత వదులుగా వేయవలెనో చూపినారు. గట్టిగా లాగితే అంచు లోపలికి పోతుంది, విల్లులాగ వంచి వదలమని చెప్పినారు. తొమ్మిది గంటలకు తలుపు వేసే దాకా ఉన్నారు. తరువాతి రోజు కూడా వచ్చినారు. మనస్సు మారిందని మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. నేను అడగలేదు.

ఏమి వస్తుంది, ఏమి రాదు

నిజం చెప్పవలెను. పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. తువ్వాళ్లు, లుంగీలు కొన్ని అమ్ముడయినవి, ఒక హుండీ పెట్టినాము, అయినా సంఘానికి నష్టమే. దీనితో నూలు ధర తగ్గదు, కూలి పెరగదు. అటువంటి ఆశ చూపి సభ్యుల చేత ఒప్పించరాదు.

మరి ఏమి వస్తుంది? చేనేతకు ప్రత్యేకించిన రకాలను మరమగ్గం మీద నేయరాదని 1985లో చట్టం చేసినారు. చట్టం ఉన్నా, కొనేవారికి రెండింటికీ తేడా తెలియనంత కాలం మరమగ్గపు సరుకు మన పేరుతోనే అమ్ముడవుతుంది. తేడా చెప్పడానికి మనము ఎన్నో కరపత్రాలు వేసినాము. ఎనిమిది పేకలు వేయడానికి అయిదు నిమిషాలు పట్టి, నడుము నొప్పి పుట్టినవాడికి కరపత్రం అక్కరలేదు. “ఒక అంగుళానికి ఇంత కష్టమైతే ఆరు గజాలకు ఎంత?” అని అతనే లెక్క వేసుకుంటాడు. మా అంగడిలో ఈ ప్రశ్న ప్రతిరోజూ ఎవరో ఒకరు అడిగినారు. ధర ఎక్కువ అన్న మాట మాత్రం ఆ పదిహేను రోజులలో నా చెవిని పడలేదు. పెద్దాయనకు నేను చెప్పదలచిన జవాబు ఇదే.

రెండవది మన పిల్లల సంగతి. మన పిల్లలు మగ్గాన్ని ఇంటిలోని కష్టంగా మాత్రమే చూచినారు. ఊరి పిల్లలు ఆ మగ్గం కోసం చీటీ పట్టుకొని వరుసలో నిలబడడం వారు మొదటిసారి చూచినారు. నేత పని చేయుమని నేను ఎవరి పిల్లలకూ చెప్పను, నా పిల్లలకూ చెప్పలేదు. అయితే తండ్రి చేసే పని సిగ్గుపడవలసినది కాదని వారికి తెలియవలెను.

ముందే తేల్చుకోవలసినది

బట్ట పూర్తయ్యాక అది ఎవరిది? ఈ ప్రశ్న మొదటి రోజుకు ముందే తేలవలెను. మేము తేల్చలేదు. చివరి రోజున కొందరు గజాల లెక్కన కోసి అమ్ముదామన్నారు, కొందరు చీరలిచ్చిన ఇండ్లకు తలా ముక్క పంచుదామన్నారు. చాలా సేపు వాదం జరిగింది. నేసినవారికి అమ్ముతామని చెప్పలేదు గనుక అమ్మరాదు, కోస్తే ఊరి బట్ట కాస్తా ఇంటింటి గుడ్డ అవుతుంది గనుక కోయరాదు అని చివరకు కుదిరింది. ప్రస్తుతం అది సంఘం కార్యాలయంలో చుట్టి ఉన్నది. చూడగోరిన వారికి విప్పి చూపుతాము. మీరు చేస్తే ఈ మాట మీ పలక మీదనే రాసి పెట్టండి.

ఇక ఆ గది సంగతి. చీటీ ప్రకారం ఆగస్టు 8న ఊడ్చి, సున్నం వేసి, తాళపు చెవి అప్పగించినాము. తరువాత దీపావళి దాకా వారానికి రెండు సంత రోజులు తెరవడానికి ఇంటివారు మరల ఒక చీటీ ఇచ్చినారు. ఇప్పటికీ శాశ్వతపు బాడుగదారు రాలేదు. గదిని సంఘం మళ్లీ తీసుకోవలెనా వద్దా అన్నది రాబోయే సర్వసభ్య సమావేశంలో తేలవలసి ఉన్నది. నా అభిప్రాయం తీసుకోవలెనని. ముందు గుమ్మం వద్ద ఒక చిన్న మగ్గం, దాని వెనుక సరుకు. ఎదుటి పక్షం మాటలో న్యాయం లేదని నేననను. నష్టం లెక్కలు కూడా సభ్యుల ముందు పెడతాను.

ఇతర ఊళ్ల సంఘాలవారికి ఒక విన్నపం. మీ బజారులో కూడా మూతబడిన గది ఉండకపోదు. పదిహేను రోజులు కాకపోతే అయిదు రోజులు చేసి చూడండి. కిలో నూలు, ఇరవై రెండు పాత చీరలు, ఇద్దరి కూలి, ఒక మంచి కాగితం చాలును. చేసినవారు తమ లెక్కలు, తమ తప్పులు ఈ పత్రికకు రాసి పంపగోరుతున్నాను. సభ్యులందరూ సర్వసభ్య సమావేశానికి తప్పక రావలెను. ఇంటి ఆడవారిని కూడా తీసుకురండి. ఆ 19 గజాల బట్ట ఆరోజు సభలో పరచి ఉంటుంది.